తాళం పట్టుకుని అడగకూడదు

పొద్దు 18,402

కలం పట్టుకుని ఎన్నాళ్ళయిందో, రెండు వాక్యాలకే వేళ్ళు పీకుతున్నాయి. ఏం చేస్తాం, మా దిబ్బలో, అంటే భూమికి దూరంగా ఈ ఎర్రనేల మీద మేం కట్టుకున్న ఊళ్ళో, రూలు అది. యంత్రానికి వచ్చిన జబ్బు గురించి యంత్రంలో రాయకూడదు, కాగితం మీద చేత్తో రాయాలి. యంత్రమే పడకేస్తే ఆ రాత ఎవడు చదువుతాడు? అందుకే ఈ బౌండు పుస్తకం. ముందు పేజీలన్నీ మా అక్క రాత, గుండ్రంగా చూడముచ్చటగా ఉంటుంది. నాది కోడి కెలికినట్టుంటుంది. చదివేవాళ్ళు సర్దుకోండి.

నేను పైడమ్మని. అరవై ఒకటి. దిబ్బ మొత్తానికి ఉన్న ఒక్క పెద్ద యంత్రం లోపలి కోడు చూసుకునేది నేనూ, ఆదయ్యా. మాకు ముందు మా అక్క సూరీడమ్మ చూసేది. ఇరవై రోజుల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది.

సంగతేమిటంటే, పొద్దున పుట్టగొడుగుల గదిలో తడి ఎంతుందో చూద్దామని తెర ముట్టుకుంటే కదల్లేదు. నీళ్ళ గదిలోనూ అంతే. నాలుగు నిమిషాలు దిబ్బంతా ఎక్కడి తెర అక్కడ బిగుసుకుపోయింది. తరవాత దానంతటదే నడిచింది, ఏమీ ఎరగనట్టు.

"దానికీ వయసొచ్చింది వదినా," అన్నాడు ఆదయ్య, గాలి జల్లెడ దులుపుతూ. ఎర్రదుమ్మంతా నా మీదే పడింది. వయసు యంత్రానిక్కాదు, వాడి బుర్రకి వచ్చింది.

మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్ళాను. చెవి వెనక మాటబిళ్ళ అంటించి పద్దెనిమిది రోజులయింది. గోరంత ఉంటుంది. ఆవిడ పెదాలు కదిపితే ఆ బిళ్ళ నేర్చుకుంటుంది, దాని వెనకే మెదడు నడుస్తుంది. ఏ రోజు పాఠం ఆ రోజు యంత్రం మెమరీలోకి వచ్చి, అక్కణ్ణించి కొట్టుగదిలోకి చేరుతుంది. కొట్టుగది అంటే ఫైళ్ళన్నీ శాశ్వతంగా దాచుకునే చోటు. అందులోకి చేరిన పాఠమే నిలుస్తుంది.

ఈరోజు "నీళ్ళు" అంది. ఇచ్చాను. "నీళ్ళు" అని మళ్ళీ అంది. దాహం కాదు, అనగలుగుతున్నానన్న సంబరం. ఆరు గ్లాసులు తాగించాను.

పొద్దు 18,404

బిగుసుకోవడం తొమ్మిది నిమిషాలు.

అది తరవాత. ఇవాళ అక్క నా పేరు పిలిచింది. నేను ఆవిడ దుప్పటి మడతపెడుతూ, దుప్పటి మీద, ఆస్పత్రి మీద, ఆస్పత్రి గంజి మీద ఏదో గొణుక్కుంటున్నాను. వెనకనించి "పైడీ" అని వినిపించింది. స్పష్టంగా, చిన్నప్పుడు జడ లాగే ముందు పిలిచినట్టే.

"ఇన్నాళ్ళు పట్టిందా నీకు?" అని గట్టిగా కసిరాను. తరవాత కూర్చుని ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమిటి, ఏడ్చాను.

పొద్దు 18,407

పదిహేడు నిమిషాలు.

ఇక నవ్వులాట కాదు. గాలి పంఖాలు ఎప్పుడు ఎంత తిరగాలో కొట్టుగదిలోంచే చదువుకుంటాయి. నలభై నిమిషాలపాటు జవాబు రాకపోతే ఆగిపోతాయి. ఆగితే నాలుగొందల మందీ వంతులేసుకుని చేత్తో తిప్పాలి. ఒక పూట తిప్పగలరు. ముసలాళ్ళు, పసిపిల్లలు ఉన్న చోట రెండో పూటకి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ప్రెసిడెంటు జగ్గునాయుడు మా గదికొచ్చాడు. నా కళ్ళ ముందు పాకిన పిల్లాడు.

"ఏటత్తా ఇది? ఓసారి ఆపేసి మళ్ళీ మొదలెట్టేస్తే పోద్ది కదా."

"పోద్ది. మెమరీలో ఉన్నదంతా కూడా పోద్ది."

"అందులో ఏటుంది?"

అక్కడే డాక్టర్ మెహరున్నీసా ఉన్నారు, ఆవిణ్ణి నేనే పిలిపించాను. ఆవిడ చెప్పారు: "సూరీడమ్మగారి పాఠాలు. 18,404 పొద్దు నుంచి ఒక్కటీ కొట్టుగదిలోకి చేరలేదు. అన్నీ మెమరీలోనే వరసలో ఉన్నాయి. ఆపేస్తే అవన్నీ పోతాయి."

"మళ్ళీ నేర్పలేరేంటి డాక్టరుగారూ?"

"ఆరు వారాలు దాటితే మెదడు గట్టిపడిపోతుంది, నాయుడుగారూ. ఇంకో సంగతి. ఒకసారి వచ్చి పోయిన మాట ఉంటుందే, దాన్ని మళ్ళీ రప్పించడం కొత్త మాట నేర్పడం కంటే కష్టం. చాలామందికి రాదు."

జగ్గు నేల చూశాడు. వాడికి మనసొప్పట్లేదు, అలాగని దిబ్బని పణంగా పెట్టనూ లేడు. చివరికి "చూద్దాం అత్తా" అన్నాడు.

పై ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఈ పుస్తకం చదివితే ఆ "చూద్దాం" అర్థం కాకపోవచ్చు. మాకు అడిగినవాళ్ళతో "లేదు" అనే అలవాటు లేదు. మా ముత్తాతల కాలంలో భూమ్మీద కూడా బియ్యం అయిపోతే అయిపోయాయనేవారు కాదట, నిండుకున్నాయనేవారట. ఇక్కడ అది ఇంకా ముదిరింది. దానికి కారణముంది. కరువేడు, ఈ పొద్దుల లెక్క మొదలెట్టిన ఏడు, నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పదిహేను. కూటి కిటికీ దగ్గర మా అమ్మ వడ్డించేది. అక్క పక్కన నిలబడి గిన్నెలందించేది. ఒకరోజు దాలినాయుడు అనే ఆయన గిన్నె చాచితే, అమ్మ అలిసిపోయి "లేదు" అనేసింది. ఆయన గిన్నె కిటికీలో పెట్టి, మెల్లగా నడిచి, గాలిసూటు కూడా వేసుకోకుండా బయటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. గంట తరవాత నీళ్ళబండి మీద ఎవరూ చూడని ధాన్యం మూటలు దొరికాయి. ఆ రోజునించి ఈ దిబ్బలో అడిగినవాడికి "ఉండు, చూస్తాం" అనే చెప్తాం. ఎంత సేపైనా నిలబెడతాం గానీ లేదనం.

జగ్గు మూడు రోజులు గడువిచ్చాడు. 18,410 పొద్దు మధ్యాహ్నానికి జబ్బు పట్టుకోకపోతే ఆపేస్తాడు. అది "లేదు" అనడమే, కాకపోతే మాకు అలవాటైన పద్ధతిలో.

అక్క ఇవాళ్టి మాటలు: చాలు, పోనీ, ఉప్పు తక్కువ. మూడోది వాక్యం! ఆస్పత్రి వంటవాడి మొహం మాడిపోయింది.

పొద్దు 18,409

దొరికింది. దొరికినందుకు నన్ను నేను రెండు లెంపకాయలేసుకోవాలి.

పొద్దున యంత్రం బిగుసుకుపోయినప్పుడు లోపలి కోడుల్లో ఎవడు ఎవడికోసం ఆగి ఉన్నాడో ఆదయ్య పట్టీ లాగాడు. ఇద్దరం చాప మీద కూర్చుని కాగితం మీద గీశాం. ఇదీ కథ.

కొట్టుగదిలో ఎవరు రాయాలన్నా ముందు దాని తాళం తీసుకోవాలి, ఇద్దరు ఒకేసారి రాసి పాడుచెయ్యకుండా. రాసేటప్పుడు కాస్త మెమరీ కావాలి. అది ఇచ్చే కోడుకి మా పేరు వడ్డన. ఖాళీ చోటుంటే వడ్డన వెంటనే ఇస్తుంది. నిండుకుంటే ఊడ్పు అనే ఇంకో కోడుని పంపుతుంది: మెమరీలో పేరుకున్న సరుకుని కొట్టుగదిలో సర్దేసి చోటు చెయ్యమని. ఊడ్పు కొట్టుగది దగ్గరికి పోతుంది. తాళం లేదు. ఎవరి దగ్గరుంది? చోటు కావాలని అడిగినవాడి దగ్గరే. వాడు చోటు వస్తే గానీ తాళం వదలడు. ఊడ్పుకి తాళం దొరికితే గానీ చోటు రాదు. వడ్డన మాత్రం "ఉండు, చూస్తా" అంటూ నించుంటుంది. ముగ్గురూ మర్యాదస్తులే, ముగ్గురూ కదలరు. వెనక దిబ్బంతా వరసకట్టి నిలబడుతుంది.

ఎక్కడో ఎవరో పని ముగించి కాస్త చోటు వదిలితే అది అందుకుని కదులుతున్నాయి. అందుకే దానంతటదే నడుస్తోంది. చోటు రోజురోజుకీ తగ్గుతోంది, అందుకే సేపు పెరుగుతోంది.

"ఇన్నేళ్ళు రాని జబ్బు ఇప్పుడెందుకొచ్చిందిరా?" అన్నాను.

ఆదయ్య తల గోక్కున్నాడు. చెప్పడానికి వాడికి ధైర్యం చాలట్లేదు. "వదినా... తాళం పట్టుకుని చోటడుగుతున్నది మాటబిళ్ళ కోడు. ఆ కోడు..."

"ఎవడు రాశాడు ఆ దరిద్రం?"

వాడు కాగితం నా వైపు తిప్పాడు. కింద రాసినవాళ్ళ పేరుండే చోట పైడమ్మ అని ఉంది.

ముప్పై ఏళ్ళుగా ఈ దిబ్బలో కోడు ముట్టుకున్న ప్రతివాడికీ చెవిలో పోరు పెట్టాను. ముందు చోటడిగి తీసుకో, ఆ తరవాత తాళం పట్టు. తాళం పట్టుకుని అడగకు. వంటవాళ్ళకి కూడా చెప్పేదాన్ని, గిన్నెలన్నీ దగ్గర పెట్టుకుని పొయ్యి వెలిగించండ్రా అని. అలాంటిదాన్ని, అక్క పడిపోయిన రెండో రోజు బిళ్ళ తొందరగా పెట్టించాలని ఒక్క పూటలో రాసేశాను. ముందు తాళం, తరవాత చోటు. ఆ రోజు నా కళ్ళకి అక్షరాలు కనిపించాయా అసలు? ఒక పాఠం రాయడానికి వందసార్లు చోటడగాలి. చోటు నిండుకున్నప్పుడు అడిగిన ప్రతిసారీ ఒక బిగుసుకోవడం. వరసలో మొదటి పాఠమే ఐదు రోజులుగా సగం రాసి ఉంది.

ఆదయ్య టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. వాడు ఏదైనా అనుంటే బాగుండేది, వాడి మీదైనా అరిచేదాన్ని.

ఇంకో సగం తప్పు అక్కది. ఆవిడ అక్కడ నోరు తిరగక పడుంటే ఇలా రాయడం న్యాయం కాదు, అయినా రాస్తాను. వడ్డన రాసింది అక్క. చోటు బొత్తిగా లేకపోతే "లేదు" అని చెప్పే దారి పెట్టమని ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేను పోట్లాడాను. చెప్తే అడిగినవాడు తాళం వదిలేసి, తరవాత వచ్చి అడుక్కుంటాడు కదా అన్నాను. అక్క అప్పుడు కూటి కిటికీలో దాలినాయుడి గిన్నె చూసినట్టు చూసింది నన్ను. "నేను రాసినదేదీ ఎవరికీ లేదని చెప్పదు పైడీ" అంది. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. పండక్కీ పబ్బానికీ మళ్ళీ మొదలెట్టేవాళ్ళం.

నా రెండు లైన్లూ తారుమారు చేసి సరిదిద్దాను. నడుస్తున్న యంత్రంలోనే ఎక్కించాం. కొత్తగా రాయబోయే పాఠాలకి ఇక భయం లేదు. సగంలో ఉన్న పాఠం మాత్రం పాత దారిలోనే ఉంది. అది ఎలాగో ముగిస్తే గట్టెక్కుతాం. ఇంకా పదకొండుసార్లు చోటడగాలి అది.

పొద్దు 18,410

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి బిగుసుకుంది. పది నిమిషాలు, ఇరవై. మెమరీలో వదలడానికి ఇక ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఈసారి దానంతటది కదలదు. ఇరవై నాలుగో నిమిషంలో జగ్గు పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, ఆపేస్తన్నాను. పిల్లల బడిలో ఇప్పటికే పంఖాల చేతికర్రలు పట్టుకున్నారు."

"ఒక దారుంది," అన్నాను. "పది నిమిషాలివ్వు."

దారి ఏమిటంటే, సగంలో ఉన్న ఆ పాఠానికి వడ్డన చేత "లేదు" అనిపించడం. వడ్డనని పిలిచే చోట్లు దిబ్బ కోడులో ఆరొందల పైన. లేదంటే ఏం చెయ్యాలో ఒక్క చోటా రాసిలేదు. ఎప్పుడూ వినని మాటకి జవాబెందుకు రాస్తారు? నేను రాసిన వాటిల్లో మాత్రం ఉంది. అక్క మీద పంతంతో ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతిదాంట్లోనూ రాస్తూ వచ్చాను, ఆదయ్య నవ్వుతున్నా. లేదని వస్తే, రాసిన సగం పారేసి, తాళం వదిలేసి, తప్పుకో. ఆ లైను ఈ దిబ్బలో ఒక్కసారి కూడా నడవలేదు.

నడిస్తే ఆ ఒక్క పాఠం పోతుంది, వెనకున్న ఐదూ నిలుస్తాయి. ఆ పాఠం ఏదో నాకు తెలుసు. 18,404.

ఆస్పత్రి మూడు మలుపుల అవతల. ఈ మోకాళ్ళతో పరిగెత్తాను. అక్క దిండుకానుకుని కూర్చుని ఉంది, చుట్టూ కంగారు చూసి తనకీ కంగారుగా ఉంది. పుస్తకం తెరిచి, ఆ గీతలున్న కాగితం ఒళ్ళో పెట్టాను. తాళం, చోటు, ఊడ్పు, వడ్డన. ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఎడమచేతి వేలు ఆ గీతల వెంట ఒక చుట్టు తిరిగింది. వడ్డన దగ్గర ఆగి, తన గుండె మీద తట్టుకుంది.

"తప్పు నీదొక్కదానిదే కాదులే," అన్నాను. "ఇదిగో, తాళం పట్టుకుని అడిగింది నేను."

ఆవిడ నవ్వింది. ఒక వైపు మూతే నవ్వుతుంది ఇప్పుడు. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వకు! విను. లేదని చెప్పించాలి. నీ వడ్డన చేతే. చెప్తే ఒక పాఠం పోతుంది. అందులో ఉన్నది నా పేరు అక్కా. మళ్ళీ రాకపోవచ్చట. నువ్వు వద్దంటే యంత్రం ఆపేస్తారు, అప్పుడు అన్నీ పోతాయి. నువ్వే చెప్పు, నాకు చేతకావట్లేదు."

డాక్టరుగారు గుమ్మంలో నిలబడి గోడ గడియారం చూస్తున్నారు. ముప్పై ఒకటి.

అక్క నా మొహంకేసి చాలాసేపు చూసింది. గుర్తుపెట్టుకోవడానికి చూసినట్టుంది, లేకపోతే నేనే అలా అనుకున్నానేమో. కాగితం మీద ఆ పాఠం పేరు దగ్గర వేలు పెట్టి అడ్డంగా గీసింది.

"పోనీ," అంది. ఆగి, పెదాలు కూడగట్టుకుని, "పోనీ, పైడీ."

గోడ మీది తీగఫోనందుకుని ఆదయ్యకి చెప్పాను. "చెప్పెయ్యరా."

"ఏటని వదినా?"

"లేదని."

ముప్పై మూడో నిమిషంలో వడ్డన మొట్టమొదటిసారి ఒకరికి లేదని చెప్పింది. నా లైను నడిచింది. సగం పాఠం రాలిపోయింది, తాళం ఊడింది, ఊడ్పు లోపలికి వెళ్ళింది, చోటు వచ్చింది. వరసలో ఉన్న ఐదు పాఠాలూ ఒకదాని వెనక ఒకటి కొట్టుగదిలోకి చేరాయి. తెరలు వెలిగాయి. బడిలో పిల్లలు కేకలు పెట్టడం ఇక్కడిదాకా వినిపించింది.

అక్క మంచినీళ్ళు అడిగింది, తాగింది, పడుకుంది. లేచాక నన్ను చూసి నోరు తెరిచి, మూసింది. మళ్ళీ తెరిచింది. కళ్ళు చెమర్చాయి ఆవిడకి. ఏం పోయిందో తెలియదు, ఏదో పోయిందని మాత్రం తెలుస్తోంది.

నేను ఒక్క ముక్క కూడా అందివ్వలేదు. అందిస్తే నా కోసమే అందించినట్టవుతుంది.

పొద్దు 18,413

మూడు రోజులు రాయలేదు. రాయడానికేముంది, యంత్రం బంగారంలా నడుస్తోంది.

డాక్టరుగారు నా పేరు మూడుసార్లు నేర్పి చూశారు. "పై" దగ్గర ఆగిపోతోంది, చెమటలు పట్టేస్తున్నాయి. ఇక చాలు, మనిషిని హింస పెట్టకండి అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఊరికే పట్టుకున్నారు, అది నాకు నచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం కొత్త వడ్డన కోడు అచ్చేయించుకుని ఆస్పత్రికి పట్టుకెళ్ళాను. లేదని చెప్పే దారి పెడుతున్నాను దాంట్లో. ఆరొందల పైచిలుకు చోట్లా జవాబు రాయాలి, ఏడాది పని. అక్క చూసి ఒప్పుకుంటే గానీ ఎక్కించకూడదని నా ఉద్దేశం. ఒప్పుకోదు. మూతి తిప్పుతుంది, కాగితాలు విసిరేస్తుంది, నేను అరుస్తాను, నర్సమ్మ ఇద్దర్నీ తిడుతుంది.

గుమ్మంలో నా అడుగుల చప్పుడు విని అక్క తల తిప్పింది. చంకలో కాగితాల కట్ట చూసింది. పేరు కోసం వెతుకుతోందని తెలిసి నేను అక్కడే ఆగిపోయాను. నుదురు ముడిపడింది. అంతలోనే విప్పుకుంది. ఎడమ చేత్తో మంచం మీద పక్కన చోటు చూపించి, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అంది:

"నా... తగువు... వచ్చిందా?"

డాక్టరుగారు చేతిలో పలక పట్టుకుని కొయ్యబారిపోయారు. "తగువు అన్న మాట మేం నేర్పలేదు. ఏ పాఠంలోనూ లేదది. ఆవిడంతట ఆవిడే..." అన్నారు.

"వచ్చింది," అన్నాను. "జరుగు కాస్త, కూర్చోవాలి."